గంజాయి: నిషేధమా, దుకాణమా, మధ్యేమార్గమా? ఏది మేలు?

గంజాయి గురించి ఎక్కడ మాట మొదలైనా రెండు నిమిషాల్లో రెండు జట్లు తయారవుతాయి. ఒకళ్ళు "మద్యం కంటే నయం కదా, వదిలేయండి" అంటారు, ఇంకొకళ్ళు "పిల్లలు నాశనమైపోతారు" అంటారు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఇద్దరూ చట్టబద్ధం చేయడమంటే ఒకటే పద్ధతి అన్నట్టు మాట్లాడతారు, అక్కడే నాకు చిరాకు. దేశాలు ఇప్పటికే నాలుగు రకాలుగా చేసి చూశాయి, కాబట్టి ఊహల మీద కొట్టుకోవాల్సిన పని లేదు, జరిగిందేంటో చూస్తే చాలు.

ముందు వైద్యం సంగతి పక్కన పెట్టేద్దాం. అది వేరే లెక్క, దాన్ని ఇందులో కలిపేసి రెండు జట్లూ లాభపడుతున్నాయి. గంజాయి మొక్కలోని సీబీడీ అనే పదార్థంతో చేసిన ఎపిడియోలెక్స్ అనే మందుకి 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది, పిల్లల్లో వచ్చే కొన్ని మొండి మూర్ఛలకి వాడతారు. కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులకీ ఈ రకం మందులు ఉన్నాయి. డాక్టరు చీటీ రాస్తే మందుల షాపులో ఇచ్చే వస్తువు అది. దానికోసం వీధిలో గంజాయి దుకాణం తెరవక్కర్లేదు, అలాగే వీధిలో దుకాణం వద్దనుకుంటే మూర్ఛ మందు ఆపక్కర్లేదు.

ఇక మొదటి దారి, పూర్తి నిషేధం. దీన్ని ఎగతాళి చేయడం ఈమధ్య ఫ్యాషన్ అయింది గానీ, దీనికీ ఒక బలం ఉంది. పట్టుబడతామన్న భయం వల్ల సరుకు ధర ఎక్కువగా ఉంటుంది, ప్రకటనలు ఉండవు, "ఒకసారి చూద్దాం" అనుకునేవాళ్ళలో కొందరు చూడకుండానే ఆగిపోతారు. సరే. మరి ఖర్చు? అమెరికాలో 2007 ఒక్క ఏడాదిలో గంజాయి కేసుల్లో దాదాపు 8.7 లక్షల అరెస్టులు జరిగాయి, అందులో పదికి తొమ్మిది కేవలం దగ్గర ఉంచుకున్నందుకే. వాడకం నల్లవాళ్ళలోనూ తెల్లవాళ్ళలోనూ దాదాపు సమానంగానే ఉన్నా, ఇలాంటి కేసుల్లో నల్లవాళ్ళు అరెస్టయ్యే అవకాశం 3.73 రెట్లు ఎక్కువని అక్కడి పౌరహక్కుల సంఘం 2013లో లెక్కతేల్చింది. ఇరవై ఏళ్ళ కుర్రాడికి గంజాయి చేసే హాని కంటే ఆ కేసు చేసే హాని పెద్దది, ఉద్యోగానికి వెళ్ళిన ప్రతిచోటా అది ముందే వెళ్ళి కూర్చుంటుంది.

ఇంకో విషయం, నిషేధం ఉంటే సరుకు బలహీనంగా ఉంటుందనుకుంటే పొరపాటే. మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ. అమెరికాలో పోలీసులు పట్టుకున్న గంజాయిలో అది 1995లో సగటున 4 శాతం ఉంటే 2014 నాటికి 12 శాతానికి చేరింది. ఆ కాలంలో చాలావరకు దొంగ సరుకే కదా నడిచింది. దాచి మోసుకెళ్ళాలంటే తక్కువ బరువులో ఎక్కువ మత్తు ఉండాలి, వ్యాపారం అటే నడుస్తుంది. పైగా అందులో ఏం కలిపారో అడిగే దిక్కుండదు. 2019లో అమెరికాలో వేపింగ్ (ఎలక్ట్రానిక్ పరికరంతో ఆవిరి పీల్చడం) చేసినవాళ్ళ ఊపిరితిత్తులు వరసగా దెబ్బతిని 2,800 మందికి పైగా ఆసుపత్రుల్లో చేరారు, 60 మందికి పైగా చనిపోయారు. చాలావరకు కారణం దొంగచాటు టీహెచ్‌సీ నూనెల్లో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్. గంజాయి ఒక్కటే తీసుకుంటే మోతాదు మించి చనిపోవడం దాదాపు వినం, ఇక్కడ చంపింది కల్తీ.

రెండో దారి, వాడేవాడిని నేరస్తుడిగా చూడకపోవడం, అమ్మేవాడిని మాత్రం పట్టుకోవడం. పోర్చుగల్ 2001 నుంచి ఇలాగే చేస్తోంది. పది రోజుల వాడకానికి మించకుండా దొరికితే కోర్టుకి కాదు, ఒక కమిషన్ ముందుకి పంపుతారు, అవసరమైతే చికిత్సకి దారి చూపిస్తారు. కేసుల బెడద తగ్గించడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు, రేపే చేయొచ్చు. కానీ నాకిది సగం ఉడికిన అన్నంలా అనిపిస్తుంది. కొనడం నేరం కాదు, అమ్మడం నేరం అంటే ఆ సరుకు ఆకాశం నుంచి పడాలా? నెదర్లాండ్స్ ఈ చిక్కులో దశాబ్దాలుగా ఉంది. అక్కడి కాఫీషాపుల్లో 5 గ్రాముల వరకు అమ్మితే చూసీచూడనట్టు వదిలేస్తారు, కానీ ఆ షాపుకి సరుకు టోకున అమ్మడం మాత్రం నేరమే. ముందు గుమ్మంలో మర్యాదస్తుడు, వెనక గుమ్మంలో ముఠావాడు. ఆ వెనక గుమ్మాన్ని కూడా చట్టంలోకి తేవడానికి ఇప్పుడు లైసెన్సు సాగుతో ప్రయోగం చేస్తున్నారు.

మూడోది పూర్తిస్థాయి వ్యాపారం. అసలు గొడవంతా దీని గురించే. అమెరికాలోని కొలరాడో రాష్ట్ర ప్రజలు దీనికి 2012లో ఓటేశారు, 2014 జనవరి 1న దుకాణాలు తెరుచుకున్నాయి. లాభాలు నిజమైనవే, కాదనలేం: వయసు చూసి అమ్ముతారు, సరుకు ల్యాబ్‌లో పరీక్షిస్తారు, ప్యాకెట్ మీద ఎంత టీహెచ్‌సీ ఉందో రాస్తారు, పన్ను డబ్బులో కొంత బడి భవనాలకి వెళ్తుంది. హైస్కూలు పిల్లల్లో వాడకం ఎగిసిపోతుందని భయపడ్డారు గానీ అక్కడి సర్వేల్లో అలా కనిపించలేదు. నిషేధం జట్టువాళ్ళు ఈ మాట దగ్గరికొచ్చేసరికి టాపిక్ మార్చేస్తారు.

అయితే "వదిలేయండి" అనే జట్టు టాపిక్ మార్చే చోటు కూడా ఒకటుంది. మద్యంలాగే గంజాయిలో కూడా అమ్మకాల్లో ఎక్కువ భాగం కొద్దిమంది రోజువారీ వాడకందార్ల దగ్గర్నుంచే వస్తుంది. వారాంతంలో ఒకసారి తాగి వదిలేసేవాడితో ఏ కంపెనీకీ లాభం రాదు. వాడేవాళ్ళలో పదిమందిలో ఒకరికి అది అలవాటుగా ముదిరి వదలని స్థితికి వస్తుందని, చిన్న వయసులో మొదలెడితే ఆరుగురిలో ఒకరికి అలా అవుతుందని చాలాకాలంగా చెబుతున్న అంచనా. ఎక్కువ టీహెచ్‌సీ ఉన్న సరుకు రోజూ వాడేవాళ్ళలో సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు) ముప్పు పెరుగుతుందని కూడా తెలుసు. అంటే కంపెనీకి బెస్ట్ కస్టమర్ ఎవరో, డాక్టరుకి టెన్షన్ పెట్టే పేషెంట్ కూడా వాడే. దుకాణాలు రాగానే ఆకు పక్కన 60, 70 శాతం టీహెచ్‌సీ ఉన్న గాఢ ద్రవ్యాలు, చాక్లెట్లు, గమ్మీలు వచ్చాయంటే ఆశ్చర్యం ఏముంది.

ఆ తినే సరుకు గురించి కొంచెం ఆగి చెప్పాలి. పొగ పీలిస్తే నిమిషాల్లో తెలుస్తుంది, తింటే అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. కొత్తవాడు "ఏమీ ఎక్కలేదే" అని ఇంకోటి నోట్లో వేసుకుంటాడు, తర్వాత రెండూ కలిసి ఎక్కుతాయి. పెద్దవాడైతే ఒక చెడ్డ రాత్రితో పోతుంది. ఇంట్లో పసిపిల్లలకి అది మిఠాయి. ఆరేళ్ళలోపు పిల్లలు ఇలాంటివి తినేశారని అమెరికాలో విషప్రమాదాలకి సలహా ఇచ్చే పాయిజన్ సెంటర్లకి 2017లో 207 కేసులు వస్తే 2021లో 3,054 వచ్చాయి. నన్నడిగితే వ్యాపార పద్ధతి మీద ఇంతకంటే గట్టి ఫిర్యాదు లేదు.

బ్లాక్ మార్కెట్ పోతుందన్నారు కదా, అది కూడా పూర్తిగా పోలేదు. కాలిఫోర్నియాలో 2018లో అమ్మకాలు మొదలయ్యాయి, పన్నుల మీద పన్నులు వేశారు, చాలా ఊళ్ళు మా దగ్గర దుకాణం వద్దన్నాయి, దాంతో లైసెన్సు లేనివాడు హాయిగా చవగ్గా అమ్ముకుంటున్నాడు. పన్ను తగ్గిస్తే వాడకం పెరుగుతుంది, పెంచితే దొంగ సరుకు పెరుగుతుంది.

థాయ్‌లాండ్ సంగతి దారి అని కూడా అనలేం. 2022 జూన్‌లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసేశారు, వాడకానికి సరైన చట్టం మాత్రం రాయలేదు, వేల దుకాణాలు వచ్చాక 2025లో డాక్టరు చీటీ ఉండాల్సిందే అన్నారు. తలుపు తీసి తర్వాత తాళం కోసం వెతుక్కోవడం.

నాలుగోది నాకు నచ్చేది: చట్టబద్ధమే, కానీ ఎక్కువ అమ్మితే ఎక్కువ లాభం వచ్చే మనిషి మధ్యలో ఉండడు. ఉరుగ్వే 2013లో ప్రపంచంలో అందరికంటే ముందు ఈ చట్టం చేసింది. పేరు నమోదు చేసుకుని ఇంట్లో ఆరు మొక్కలు పెంచుకోవచ్చు, లేదా సభ్యులంతా కలిసి పెంచుకునే క్లబ్బులో చేరొచ్చు, లేదా ఫార్మసీలో నెలకి 40 గ్రాముల వరకు కొనొచ్చు, మూడింట్లో ఒకటే. ప్రకటనలు లేవు. చిక్కు ఏంటంటే మొదట్లో ఫార్మసీ సరుకు మరీ పల్చగా ఉండడంతో చాలామంది పాత చోటికే వెళ్ళారు, ప్రభుత్వం తర్వాత ఘాటైన రకాలు తేవాల్సి వచ్చింది. జర్మనీ 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్ళకి బయట 25 గ్రాములు, ఇంట్లో మూడు మొక్కలు అనుమతించింది, లాభాపేక్ష లేని క్లబ్బులు పెట్టుకోనిచ్చింది, దుకాణాలు మాత్రం తెరవలేదు. 21 ఏళ్ళలోపు సభ్యులకి క్లబ్బు ఇచ్చే దాంట్లో టీహెచ్‌సీ 10 శాతం దాటకూడదు.

నన్ను ఇటువైపు లాగింది మాత్రం కెనడా. 2018 అక్టోబరులో దేశమంతా ఒకే చట్టం కింద గంజాయి చట్టబద్ధమైంది, అమ్మే పద్ధతి మాత్రం రాష్ట్రాలకి వదిలేశారు. అంటారియోలో ప్రైవేటు దుకాణాలు, 19 ఏళ్ళ వయసు. క్యుబెక్‌లో ప్రభుత్వ దుకాణాలే, వయసు 2020 నుంచి 21, టీహెచ్‌సీ 30 శాతం దాటకూడదు, మిఠాయిల్లా కనిపించే సరుకు ఆ దుకాణాల్లో పెట్టరు. జాతీయ సర్వేల్లో వాడకం అందరికంటే తక్కువగా కనిపించేది క్యుబెక్‌లోనే. ముందు నుంచీ అక్కడ కొంచెం తక్కువే అనేవాళ్ళున్నారు, నిజమే, మొత్తం ఘనత దుకాణానికి ఇవ్వలేం. కానీ చట్టబద్ధం చేసినంత మాత్రాన దొరికింది దొరికినట్టు అమ్మాల్సిన పని లేదని మాత్రం తేలిపోయింది.

బండి నడపడం సంగతి ఏ దారిలోనూ తేలలేదు. మద్యానికి ఊది చూపించే మెషీన్ లాంటిది గంజాయికి నమ్మకంగా పనిచేసేది లేదు, మత్తు దిగాక కూడా టీహెచ్‌సీ రక్తంలో మిగిలే ఉంటుంది. కొలరాడో రక్తంలో మిల్లీలీటరుకి 5 నానోగ్రాములని గీత గీసింది గానీ, రోజూ వాడేవాడు ఏ మత్తూ లేకుండా ఆ గీత దాటొచ్చు, కొత్తవాడు తూలుతూ కూడా దాటకపోవచ్చు.

కాబట్టి నా వరస ఇది: నాలుగో దారి, అది కుదరకపోతే రెండోది, ఆ తర్వాతే వ్యాపారం, చివర్లో నిషేధం. చివరి రెండింటి వరస మీద నాకే పూర్తి నమ్మకం లేదు, ఆ పసిపిల్లల అంకెలు చూసినప్పుడల్లా తారుమారవుతుంది. నాలుగో దాంట్లో కూడా ఒక లొసుగు ఉంది, దుకాణం నడిపే ప్రభుత్వమే ఆ డబ్బుకి అలవాటు పడొచ్చు. క్యుబెక్‌లో ఆ లాభంలో ఎక్కువ భాగం నివారణకి, పరిశోధనకి పోవాలని పెట్టుకున్నారు. ఏ దేశమైనా రేపు ఇలాంటి చట్టం తెస్తే నేను ముందు వెతికేది గ్రాముల లెక్క కాదు, ఆ డబ్బు ఎటు పోతుందో రాసిన సెక్షన్.