మూడేళ్లు డాలస్ టైమ్‌లో నడిచిన ఊరు

జంతువులే ఇరుగుపొరుగుగా ఉండే ఊళ్లో మనం కాపురం పెట్టే వీడియో గేమ్ ‘యానిమల్ క్రాసింగ్: న్యూ లీఫ్’లో చేపలు పట్టడం, చెట్లు ఊపి పండ్లు రాల్చడం, ఇంటి అప్పు తీర్చడం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ ఆటంటే నాకు అంత ఇష్టం కలగడానికీ, ఒక్క విషయంలో ఇప్పటికీ కోపం పోకపోవడానికీ కారణం ఒకటే: దాని గడియారం. బయట నిమిషం గడిస్తే ఆ ఊళ్లోనూ నిమిషం గడుస్తుంది. మనం ఆడినా ఆడకపోయినా అది ఆగదు.

2016 వేసవిలో డాలస్ నుంచి వచ్చిన మా పిన్ని కూతురు తన పాత 3డీఎస్ ఎక్స్ఎల్ (చేత్తో పట్టుకుని ఆడే నింటెండో పరికరం), ఈ ఆట కార్ట్రిడ్జ్‌తో సహా నాకిచ్చి వెళ్లింది. తను కొత్తది కొనుక్కుందట, అందుకని ఆ కార్ట్రిడ్జ్‌లో ఉన్న తన ఊరిని చెరిపేసి మరీ ఇచ్చింది. చార్జర్ మీద 120 వోల్టులే అని రాసి ఉంది. మన కరెంటుకి అది కాలిపోతుందని భయపడి, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు షాపులు తిరిగి యూఎస్‌బీ కేబుల్ కొన్నాను. అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లు ముందు ఇది చూసుకోండి. అమెరికా 3డీఎస్‌లో అమెరికా కార్ట్రిడ్జ్‌లే పనిచేస్తాయన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

ఆట మొదట్లో రైల్లో ఒక పిల్లి ఎదురుగా కూర్చుని, ఇప్పుడు టైమ్ ఇంతేనా అని అడుగుతుంది. నేను సరిగ్గా చదవకుండానే అవునన్నాను. అది డాలస్ టైమ్. మనకంటే పదిన్నర గంటలు వెనక.

అప్పట్లో నాది యూఎస్ షిఫ్ట్. సాయంత్రం ఆరున్నరకి గచ్చిబౌలిలో లాగిన్, తెల్లవారుజామున మూడున్నరకి లాగౌట్. క్యాబ్‌లో ఒక్కొక్కరినీ దింపుకుంటూ కూకట్‌పల్లి చేరేసరికి నాలుగున్నర. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ తప్ప మేలుకున్న మనిషి ఉండడు. నిద్ర వెంటనే పట్టదు. 3డీఎస్ తెరిస్తే అక్కడ సాయంత్రం ఆరు. దుకాణాలు తెరిచే ఉంటాయి, ఊళ్లో వాళ్లు చెట్ల కింద తిరుగుతూ కనిపిస్తారు, ఎదురెళితే ఆగి పలకరిస్తారు. ఇందులో గంట గంటకీ నేపథ్య సంగీతం మారుతుంది. ఆరు గంటల సంగీతం వింటే ఇప్పటికీ నాకు క్యాబ్ దిగి మెట్లెక్కిన అలసట గుర్తొస్తుంది. పనయ్యాక కాసేపు అలా బజారుకి వెళ్లొచ్చే సాయంత్రం అందరికీ ఉంటుంది కదా, నాకు మూడేళ్లపాటు అది ఈ ఆటలోనే దొరికింది.

వారంలో అన్నిటికంటే బాగుండేది ఆదివారం ఉదయం. కె.కె. స్లైడర్ అనే తెల్లకుక్క గిటార్ పట్టుకుని శనివారం రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు దాకా క్లబ్బులో పాడుతుంది. డాలస్ టైమ్ పుణ్యాన అది మాకు ఆదివారం ఆరున్నర నుంచి పదిన్నర మధ్య వచ్చేది. అమ్మ హాల్లో కింద పేపరు పరుచుకుని గోంగూర గిల్లుతూ ఉండేది. నేను పక్కన కూర్చుని సౌండు పెంచేవాణ్ని. మొదట్లో "ఏంట్రా ఆ గోల" అంది. నెల తిరిగేసరికి "ఇవాళ కుక్క రాలేదా?" అని తనే అడగడం మొదలుపెట్టింది. ఆ పాటలో మాటలుండవు, ఏదో గొణిగినట్టుంటుంది. అమ్మ గిల్లిన కాడ చేతిలోనే పట్టుకుని, పాట అయ్యేదాకా స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయేది.

కొత్త సంవత్సరం కౌంట్‌డౌన్ మాత్రం జనవరి 1 ఉదయం పదిన్నరకి వచ్చేది. కింద గేటు ముందు రంగుల ముగ్గులు సగం చెరిగిపోయాక, మా ఊళ్లో బాణసంచా.

3డీఎస్ ఇచ్చిన ఆ చెల్లి డాలస్ నుంచి ఆన్‌లైన్‌లో మా ఊరికి వచ్చేది. ఎవరి ఊరికి వెళ్తే వాళ్ల టైమే నడుస్తుంది. మొదటిసారి రాగానే "అన్నయ్యా, మీ ఊళ్లో మా టైమ్ నడుస్తోందేంటి!" అని టైప్ చేసింది. ఇద్దరం బీచ్‌లో కాసేపు గవ్వలు ఏరుకున్నాం. ఇప్పుడు ఆ వీల్లేదు. 3డీఎస్ ఆన్‌లైన్ ఆట 2024 ఏప్రిల్‌లో ఆగిపోయింది. పక్కపక్కన కూర్చుంటేనే ఒకరి ఊరికి ఒకరు వెళ్లగలం.

2019లో డే షిఫ్ట్‌కి మారాక, ఆట మొదలయ్యేటప్పుడు పలకరించే మేయర్ సెక్రటరీ ఇసబెల్‌తో చెప్పి గడియారాన్ని పదిన్నర గంటలు ముందుకు జరిపాను. నేను ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర, దుకాణాలు మూసే వేళ. ఆటలో మేయర్ మనమే కాబట్టి 20,000 బెల్స్ (అక్కడి డబ్బు) కట్టి నైట్ ఔల్ చట్టం పెట్టుకోవచ్చు, దుకాణాలు మూడు గంటలు ఆలస్యంగా మూస్తారు. పెట్టాను. పని జరిగింది. కుక్క పాట శనివారం రాత్రికి పోయింది, ఆ టైమ్‌కి అమ్మ సీరియల్‌లో ఉంటుంది.

ఇక కోపం సంగతి. మా ఊళ్లో టియా అనే ఏనుగు ఉండేది. తెల్లగా, అచ్చం టీ కెటిల్‌లా ఉంటుంది. తల మీద మూత, కెటిల్ కొమ్ములా తొండం. ప్రతి మాట చివరా ‘టీకప్’ అంటుంది. నేను పొద్దున వేసిన చొక్కా సాయంత్రానికల్లా గమనించి మెచ్చుకునేది. ఊరు వదిలి వెళ్లాలనుకున్నవాళ్లు ముందుగా మనతో చెబుతారు, ఉండమంటే ఉంటారు. టియా రెండుసార్లు చెప్పింది, రెండుసార్లూ ఉండమన్నాను.

2021లో నాన్నకి మోకాలి ఆపరేషన్ అయింది. హాస్పిటల్, ఫిజియోథెరపీ, ఆఫీసు, ఆ టెన్షన్‌లో 3డీఎస్ సొరుగులోనే అయిదు వారాలు ఉండిపోయింది. తిరిగి తెరిస్తే ఊరంతా కలుపు, ఇంట్లో బొద్దింకలు, నా బొమ్మకి జుట్టంతా రేగిపోయి ఉంది. ఇవన్నీ ఒక పూటలో బాగుచేసుకున్నాను. వంతెన దాటి టియా ఇంటివైపు వెళితే అక్కడ ఇల్లు లేదు, ఇల్లున్నంత మేర గడ్డి లేని మట్టి ఉంది. పోస్ట్ బాక్స్‌లో వెళ్తున్నానని ఉత్తరం ఉంది. అయిదేళ్లు రోజూ పలకరించిన ఇరుగుపొరుగు, నాన్న మంచం పక్కన నేనున్న వారాల్లో వెళ్లిపోయింది. అది బొమ్మేనని తెలుసు. అయినా ఆ రాత్రి ఆట మూసేశాక నిద్ర పట్టలేదు.

వెళ్లినవాళ్లు మళ్లీ మామూలుగా రావాలంటే మధ్యలో ఇంకో 16 మంది ఊరు వదలాలి. 2016 నవంబర్ అప్‌డేట్ తర్వాత అమీబో కార్డుతో (పరికరానికి తాకిస్తే ఆ పాత్ర ఆటలోకి వచ్చే నింటెండో కార్డు) పిలవచ్చు కానీ, నాలాంటి పాత మోడల్‌కి విడిగా రీడర్ కావాలి. ఈ వరసలోనే 2020లో వచ్చిన ‘న్యూ హొరైజన్స్’లో ఎవరూ మనల్ని అడక్కుండా వెళ్లరు. ఆ మార్పు ఇందులోనే ఉండాల్సింది. గడియారం నిజంగా నడవడం గొప్పని పైన రాశాను, ఇప్పటికీ అదే మాట. కానీ రోజూ పదిహేను నిమిషాలు కేటాయించగలిగినవాళ్లకే అది గొప్ప.

కాబట్టి కొనాలా వద్దా అంటే నేను తేల్చి చెప్పలేను. నాది ఉచితంగా వచ్చిన పరికరం, షిఫ్ట్ కలిసొచ్చింది, పక్కన అమ్మ ఉంది. నైట్ షిఫ్ట్ చేస్తూ ఇంటికొచ్చి ఒంటరిగా కూర్చునేవాళ్లకైతే ధైర్యంగా చెబుతాను, సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే తీసుకోండి, ఊరి టైమ్ మీకు సాయంత్రమయ్యేలా పెట్టుకోండి. ఇంట్లో చిన్నపిల్లలో, మంచాన పడ్డ పెద్దవాళ్లో ఉంటే మాత్రం ఎవరినీ మరీ దగ్గర చేసుకోకండి.

మొన్న ఆదివారం గోంగూర ముందేసుకుని అమ్మ మళ్లీ కుక్క సంగతి అడిగింది. గడియారాన్ని డాలస్ టైమ్‌కి తిప్పేద్దామనుకుంటున్నాను. కానీ టైమ్ వెనక్కి జరిపితే, ధర పెరిగాక అమ్ముదామని ఆటలో కొన్న టర్నిప్‌లన్నీ కుళ్లిపోతాయి. 97 బెల్స్ చొప్పున కొన్నాను, వాటిని కొనే రీటైల్ దుకాణంలో ఈ పూట 62 పలుకుతోంది. శనివారం లోపల అమ్మేసి, అప్పుడు తిప్పుతాను.