జాగ్రత్త: ఆడిషన్ ఫలితం కోసం ఎదురుచూస్తున్నవాళ్ల దగ్గర ‘పాత్ర ఖాయం’ పేరుతో డబ్బు లాగుతున్నారు

ఈ పని చేస్తున్నది ఒక నాటక బృందం. అది ఏదో ఈమధ్య ఆడిషన్లకు తిరుగుతున్నవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. కొత్తవాళ్లకు అవకాశం అని ప్రకటన, ఆడిషన్ ఉచితం, రెండు నిమిషాల మోనోలాగ్ (ఒక్కరే చెప్పే సంభాషణ), అక్కడికక్కడ చేతికిచ్చిన ఒక పేజీ సన్నివేశం, ఫోటో, ఫోన్ నంబరు, ఏయే తేదీల్లో ఖాళీయో రాసే ఫారం. అంతవరకూ వేలెత్తి చూపడానికేమీ లేదు. మోసమంతా ఆ తర్వాత, కబురు కోసం ఎదురుచూసే రోజుల్లో ఉంది.

ఇక రాదులే అని ఆశ వదులుకునే వేళకు మెసేజ్ వస్తుంది. మీరు షార్ట్‌లిస్ట్ అయ్యారు, దర్శకుడికి మీ నటన చాలా నచ్చింది, పాత్ర ఖాయం చేసుకోవాలంటే ఈ సాయంత్రంలోగా వర్క్‌షాప్ ఫీజు కట్టండి. ఏ పాత్ర అని అడిగితే జవాబు ఇది: ‘ముందు కట్టండి, పాత్ర తర్వాత చెప్తాం. మీ వెనక చాలామంది ఉన్నారు.’

కట్టాక పాత్ర పేరు చెప్పారు. అదే పాత్రను ఇంకొకరికీ చెప్పారు, మరొకరికీ చెప్పారు. ముగ్గురి మెసేజ్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే పైన పిలిచిన పేరు తప్ప ఒక్క అక్షరం తేడా లేదు. దర్శకుడికి నచ్చిందన్న ఆ వాక్యం కూడా అందరికీ పంపిందే. ఒక పాత్రను ఇద్దరు ముగ్గురు వంతులవారీగా వేయడం నాటకాల్లో ఉన్నదే, కానీ ఆ సంగతి ముందే చెప్తారు, ఏ ప్రదర్శన ఎవరు ఆడతారో కాగితం మీద పెడతారు. ఇక్కడ ఆ మాట అడిగినవాళ్లను గ్రూపులోంచి తీసేశారు, నంబర్లు బ్లాక్ చేశారు. నీకు ఈ పాత్ర నప్పదు అంటే నటులు భరిస్తారు, అది ఈ పనిలో భాగం. కానీ బాగా చేశావన్న మాటను అందరికీ ఒకే మూసలో పోసి అమ్మడం నీచం. ఎన్నాళ్లో సాధన చేసి వచ్చిన మనిషి నమ్మకాన్నే వీళ్లు సరుకు చేసుకున్నారు.

నిజంగా జరిగే ఎంపిక ఎలా ఉంటుందో తెలిస్తే ఈ తేడా పట్టుకోవచ్చు. మొదటి ఆడిషన్ తర్వాత కొద్దిమందినే కాల్‌బ్యాక్‌కి, అంటే రెండో విడత ఆడిషన్‌కి, పిలుస్తారు. అప్పుడు ఏ పాత్రకు చూస్తున్నారో చెప్పి, ఆ పాత్ర ఉన్న పేజీలు ముందే పంపుతారు. అక్కడ ఇద్దరిద్దర్ని నిలబెట్టి చదివిస్తారు, జతలు మార్చి మళ్లీ చదివిస్తారు. తండ్రీకూతుళ్లుగా పొసగుతారా, ఇద్దరి గొంతుల్లో తేడా తెలుస్తుందా, ఎత్తులు, వయసులు కుదురుతాయా అని చూస్తారు. అందుకే బాగా చేసినవాళ్లకూ కొన్నిసార్లు పాత్ర దక్కదు. ఆ తర్వాత మొదట అనుకున్నవాళ్లకు కబురు పంపి, వాళ్లు ఒప్పుకునేదాకా రెండో స్థానంలో ఉన్నవాళ్లకు ఏమీ చెప్పకుండా ఆపుతారు. ఒక్కరు కాదన్నా జతలన్నీ మళ్లీ సర్దాలి. కబురు ఆలస్యం కావడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. కాబట్టి ఆలస్యమైనంత మాత్రాన అనుమానించక్కర్లేదు. ఆలస్యం తర్వాత వచ్చిన కబురులో పాత్ర పేరు లేకుండా డబ్బు లెక్క ఉంటే మాత్రం అనుమానించాల్సిందే.

నిజాయితీగా నాటకాలు వేసే బృందాలకూ ఒక మాట. ఎంపిక కానివాళ్లకు ‘ఈసారి తీసుకోలేకపోయాం’ అని ఒక్క వాక్యం పంపండి. అందరికీ ఒకేసారి పంపినా చాలు. మీరు చెప్పకుండా వదిలేసినవాళ్లే వారాల తరబడి ఆశతో ఉండి, ఇలాంటి మెసేజ్ రాగానే నమ్మేస్తున్నారు.

డబ్బు విషయంలో కొన్ని తేడాలు తెలిసి ఉండాలి. శిక్షణ సంస్థలో కోర్సుకు దరఖాస్తు చేస్తే ప్రవేశ పరీక్షకు రుసుము ఉండొచ్చు, అది చదువుకు కట్టేది. ఔత్సాహిక సమాజాల్లో సభ్యత్వ చందా ఉండొచ్చు, అది అందరికీ ఒకటే, ఆడిషన్‌కు ముందే ప్రకటనలో రాస్తారు. ఈ రెండూ కాకుండా, ఎంపికయ్యాక ఆ ఎంపిక నిలబడాలంటే కట్టమంటే అది పాత్రను అమ్మడమే. కాలిఫోర్నియాలో 2010 నుంచి అమల్లో ఉన్న చట్టం, ఆడిషన్లు, అవకాశాలు ఇప్పిస్తామని నటుల దగ్గర ముందుగా ఫీజు పుచ్చుకునే వ్యాపారాన్నే నిషేధించింది. అక్కడ చట్టమే చేయాల్సి వచ్చిందంటే ఈ రోగం ఎంత పాతదో అర్థం చేసుకోండి.

వీళ్ల రసీదు కూడా జాగ్రత్తగా చదవండి. అందులో నాటకం పేరుండదు, పాత్ర పేరుండదు. ‘నటనా శిక్షణ రుసుము, తిరిగి ఇవ్వబడదు’ అని మాత్రమే ఉంటుంది. రేపు నాటకం పడకపోయినా, ఒక హాల్లో నాలుగు వ్యాయామాలు చేయించి శిక్షణ ఇచ్చేశాం అనడానికి ఆ వాక్యం పనికొస్తుంది. మీరు ఫిర్యాదు చేస్తే వాళ్లు బ్యాంకుకు చూపించేదీ అదే కాగితం.

డబ్బుకంటే పెద్ద నష్టం తేదీలది. ఫలానా రోజుల నుంచి ఫలానా రోజుల దాకా ఎవరికీ ఇవ్వకండి అని మాట తీసుకుంటారు. ఆ మాట మీద నిలబడి మరో నాటకం వదులుకున్నవాళ్లు ఉన్నారు. తేదీలు ఆపమని ఎవరడిగినా, ఏ రోజు దాకా ఆపాలో రాతలో అడగండి. ఆ రోజు దాటితే తేదీలు మీవే. ఈలోగా వేరే అవకాశం వస్తే ఆపమన్నవాళ్లకు వెంటనే రాయండి: ‘నాకు ఇంకో నాటకంలో పాత్ర వచ్చింది, ఫలానా రోజులోగా నేను జవాబివ్వాలి, మీ నిర్ణయం దానికి ముందే చెప్పగలరా?’ నిజంగా మీరు కావాలనుకునే దర్శకుడు దీనికి జవాబిస్తాడు. ఇవ్వకపోతే అవతలి నాటకం ఒప్పుకోండి.

ఆడిషన్ హాలు వదిలేముందే అడగాల్సినవి: కాల్‌బ్యాక్ ఎప్పుడు, తుది నిర్ణయం ఎవరిది, ఏ తేదీలోగా చెప్తారు, ఎంపిక కాకపోతే కబురు ఉంటుందా లేదా. చెప్పిన తేదీ దాటాక ఒకసారి మర్యాదగా గుర్తుచేస్తే చాలు, రోజూ అడగడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఎంపికయ్యారంటే పాత్ర పేరు, రిహార్సల్ రోజులు, ప్రదర్శన తేదీలు, పారితోషికం ఉందో లేదో, దుస్తులు, ప్రయాణ ఖర్చులు ఎవరివో రాతలో తీసుకోండి. ప్రదర్శన ఫలానా హాల్లో అంటే ఆ హాలుకే ఫోన్ చేసి ఆ తేదీ ఈ బృందం పేరు మీద ఉందా అని కనుక్కోండి. రచయిత అనుమతి వచ్చిందా అని బృందాన్ని అడగండి. హాలూ అనుమతీ రెండూ లేకుండా పాత్రలు పంచుతున్నారంటే వేయడానికి నాటకం లేదన్నమాటే. మీ మోనోలాగ్ వీడియో తీశారా? అది ఎంపిక కోసమే వాడతామని, ప్రచారానికి పెట్టబోమని మెసేజ్‌లో ఒప్పించుకోండి. గుర్తింపు కార్డు కాపీ ఆడిషన్ దశలో ఎవరికీ అక్కర్లేదు, ఇవ్వకండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు గొడవపడకముందే గ్రూపు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, పంపినవాళ్ల నంబరు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. వాళ్లు మెసేజ్‌లు చెరిపేస్తున్నారు. తర్వాత, డబ్బు ఎందుకు తిరిగివ్వాలో పాత్ర పేరుతో సహా రాసి పంపండి. ‘పాత్ర కోసం కట్టాను’ అన్న మాట అందులో తప్పకుండా ఉండాలి, రసీదులోని శిక్షణ మాటకు మీ దగ్గరున్న జవాబు అదే. కార్డుతో కట్టి ఉంటే చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడం) కోసం బ్యాంకుకు వెంటనే రాయండి, దానికి గడువుంటుంది. ఖాతా నుంచి ఖాతాకు నేరుగా పంపిన డబ్బు వెనక్కి రావడం కష్టం. అయినా లావాదేవీ నంబరుతో బ్యాంకుకూ పోలీసులకూ ఆలస్యం చేయకుండా ఫిర్యాదు ఇవ్వండి. ఒకే పాత్ర పేరుతో మెసేజ్ అందుకున్నవాళ్లంతా కలిసి ఒకే ఫిర్యాదు ఇస్తే, ఇది శిక్షణ కాదని ఆ మెసేజ్‌లే చెప్తాయి.