మూడో సాయంత్రానికి నోరు విప్పిన గోధుమ విస్కీ

మొదటి సాయంత్రం ఈ సీసాకు నేను అన్యాయమే చేశాను. అప్పటివరకు నాకు అలవాటైనది రై అనే ధాన్యంతో చేసే విస్కీ. మిరియాల ఘాటుతో నాలుకను పట్టుకుని కుదిపే రకం. అదే ఊపులో బెర్న్‌హైమ్ ఒరిజినల్ అనే ఈ గోధుమ విస్కీని కూడా వెడల్పాటి గ్లాసులో పోసి, రెండు పెద్ద మంచు ముక్కలు వేసి తాగేశాను. తియ్యని నీళ్లు తాగినట్టు అనిపించింది. మూత బిగించి అల్మరాలో వెనక్కి నెట్టేశాను.

కొన్ని వారాలకు మళ్లీ బయటికి తీశాను. ఈసారి మంచు లేదు, నీళ్లు లేవు. అంచు దగ్గర సన్నబడే చిన్న గ్లాసులో రెండు గుటకలకు సరిపడా పోసి, పావుగంట ముట్టుకోకుండా ఉంచాను. అప్పుడు గానీ నేను తాగుతున్నదేమిటో అర్థం కాలేదు.

కెంటకీలోని హెవెన్ హిల్ సంస్థ 2005లో తెచ్చిన విస్కీ ఇది. 51 శాతం గోధుమ, 37 శాతం మొక్కజొన్న, మిగిలిన 12 శాతం మొలకెత్తించిన బార్లీ. అమెరికా నిబంధనల ప్రకారం గోధుమ విస్కీ అనిపించుకోవడానికి కావలసిన కనీస గోధుమ కూడా 51 శాతమే కాబట్టి, సరిగ్గా గీత మీద నిలబడిందన్నమాట. దీన్ని వీటెడ్ బర్బన్‌తో, అంటే గోధుమ కలిపిన అమెరికన్ మొక్కజొన్న విస్కీతో, కలగలిపి మాట్లాడేవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఆ బర్బన్‌లో పెద్ద పీట మొక్కజొన్నదే, గోధుమ వచ్చి రై స్థానంలో కూర్చుంటుంది. మేకర్స్ మార్క్ ఆ కోవలోది. ఇక్కడ ఇంటి యజమాని గోధుమే.

లోపలి గోడలు కాల్చిన కొత్త ఓక్ పీపాలో ఏడేళ్లు ఉంచి, 45 శాతం బలంతో సీసాకెక్కించారు. అమెరికా నిబంధనలు ‘స్ట్రెయిట్ విస్కీ’ అని పిలిచే కోవలోది కాబట్టి రంగు కలపడానికి వీల్లేదు. గ్లాసులో కనిపించే ఆ లేత రాగి ఛాయ అంతా పీపా ఇచ్చిందే.

వాసన దగ్గర కాస్త ఆగాలి. ముక్కు గ్లాసులోకి దూర్చేస్తే స్పిరిట్ మంట తప్ప మరేదీ తెలియదు. పెదవులు కొద్దిగా తెరిచి, గ్లాసును గడ్డం దగ్గర పట్టుకుంటే మెల్లగా తేనె, ఆ వెనక వెనిల్లా, ఇంకా వెనక అప్పుడే పొయ్యి మీంచి తీసిన రొట్టె పైపెచ్చు వాసన. ఆ రొట్టె వాసన కోసమే నేను రెండోసారి పోసుకున్నాను.

మొదటి గుటక నాలుక మీద నూనెలా జారుతుంది. తీపి ముందు వస్తుంది, దాల్చినచెక్క చివర్లో చిన్నగా తాకుతుంది. రైలో ఉండే పదును ఎక్కడా లేదు. గోధుమ స్వభావమే అంత, గొంతు పెంచదు. అందుకే పీపా మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఇలాంటి సాత్వికమైన సారాన్ని కొత్త ఓక్‌లో మరీ ఎక్కువకాలం ఉంచితే చెక్క కషాయంలా మారే ప్రమాదం ఉంది. ఏడేళ్ల దగ్గర చెక్క తన హద్దులో ఉందని నా నాలుక తీర్పు. ఇదే సంస్థ 2014లో పార్కర్స్ హెరిటేజ్ వరుసలో 13 ఏళ్ల గోధుమ విస్కీని విడుదల చేసింది. అంతకాలం పీపాలో ఉన్నాక కూడా ఆ రొట్టె వాసన మిగిలిందా అన్నది నాకు తీరని కుతూహలం.

మూడో సాయంత్రం నీళ్ల పరీక్ష పెట్టాను. నాలుగు చుక్కలకు తేనె విచ్చుకుని, లేత పండు వాసన ఒకటి కొత్తగా పైకి వచ్చింది. అత్యాశకు పోయి చెంచాడు నీళ్లు పోశాను. నూనెలాంటి ఆ చిక్కదనం అంతా కరిగిపోయి, మొదటి రోజు తియ్యని నీళ్లే మళ్లీ ఎదురయ్యాయి. తప్పు మంచుదీ నాదీ అని అప్పుడు ఒప్పుకున్నాను.

మింగాక రుచి ఎంతసేపు నిలుస్తుందన్న దగ్గర నా మార్కులు తగ్గాయి. రై అలవాటున్న నాలుకకు ఆ తోక పొట్టిగానే తోస్తుంది. మొత్తం మీద పదికి ఏడున్నర. కాక్‌టెయిల్‌లో కలపాలనుకునేవాళ్లు ఘాటైన మరో సీసా చూసుకోవడం మంచిది, నిమ్మరసం ముందు ఇది నిలవదు.

ఆ రాత్రి గ్లాసు కడగకుండా బల్ల మీదే వదిలేశాను. పొద్దున తీసి వాసన చూస్తే తేనె లేదు, స్పిరిట్ లేదు. అడుగున ఎండిన మరకలో చెక్కపొట్టు, కొంచెం గోధుమ గడ్డి.