సేవ్‌లన్నీ పోయాక నా ఐదు గేమ్‌ల వరుస

పోయినేడాది ఒక ఉదయం కంప్యూటర్ ఆన్ చేస్తే డిస్క్ కనపడలేదు. డేటా వెనక్కి తీసేవాళ్ళకు చూపించాను, ఒక్క ఫైలు కూడా రాలేదు. ఫోటోలు వేరేచోట ఉన్నాయి కాబట్టి అవి దక్కాయి. పోయినవి గేమ్ సేవ్‌లు, అంటే ఆటలో ఎక్కడిదాకా వచ్చామో దాచి ఉంచే ఫైళ్ళు, ఏడెనిమిదేళ్ళవి. అంతకుముందు ఒకసారి పాత సేవ్ వచ్చి కొత్తదాని మీద పడి నాలుగు రోజుల ఆట చెరిపేసింది. ఆ కోపంలో క్లౌడ్ సేవ్ (సేవ్‌ల నకలు ఇంటర్నెట్‌లో దాచిపెట్టేది) ఆపేశాను, మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోయాను.

ఇంట్లో చెబితే “గేమే కదా, మళ్ళీ ఆడుకో” అన్నారు. నిజంగానే మళ్ళీ ఆడాను. నాకు బాగా ఇష్టమైన ఐదింటినీ మొదటినుంచి మొదలుపెట్టాను. అప్పటిదాకా ఎవరడిగినా ఠక్కున చెప్పే వరుస ఒకటి నా దగ్గర ఉండేది. అది పూర్తిగా తారుమారైంది. గ్రాఫిక్స్, నిడివి లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. సేవ్ ఫైలు పోయినప్పుడు ఏ గేమ్ నాతో ఉంది, ఏది ఫైలుతో పాటే వెళ్ళిపోయింది అన్నదే నేను చూసుకున్నాను.

ఫైలుతో పాటే వెళ్ళిపోయింది ది విచర్ 3, రాక్షసుల్ని వేటాడేవాడి కథ. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే ఎన్నో ఏళ్ళు నా మొదటి స్థానం దానిదే. తొంభై గంటలు దాటాను. చివర్లో వచ్చే టూసాంట్ అనే ప్రాంతం చేరి, కోర్వో బియాంకో ద్రాక్షతోట ఇల్లు బాగుచేయించుకుంటున్నాను. మళ్ళీ ఆట మొదట్లో వచ్చే వైట్ ఆర్చర్డ్‌లో గుర్రం దిగేసరికి కాళ్ళు లాగేసినట్టనిపించింది. కథ అంతా గుర్తుంది. బ్లడీ బారన్ అనే పాత్ర ఇంట్లో ఏం జరగబోతోందో తెలిసి కూడా అక్కడిదాకా ఆడాను, ఆ భాగం మళ్ళీ నన్ను కదిలించింది. ఆ తర్వాత ముందుకు వెళ్ళలేకపోయాను. నేను కూడబెట్టిన కత్తులు, ఆటలోపలి పేకాట గ్వెంట్ కార్డులు, లెవెల్స్ అన్నీ ఫైల్లో ఉన్నవే తప్ప నాలో లేవు. గొప్ప గేమ్ అన్న మాట వెనక్కి తీసుకోను. ఈసారి మాత్రం ఐదోది.

నాలుగోది స్టార్‌డ్యూ వ్యాలీ, పల్లెలో వ్యవసాయం చేసుకునే ఆట. అక్కడ నా గ్రీన్‌హౌస్ నిండా ఏన్షియంట్ ఫ్రూట్ అనే పంట ఉండేది. ఒక్క విత్తనంతో మొదలుపెట్టి, పండిన పండునల్లా మళ్ళీ విత్తనాలు చేసి నింపిన గ్రీన్‌హౌస్ అది. పోయిందని తెలిసినప్పుడు అన్నిటికంటే ఎక్కువ బాధపడింది దీనికే. మళ్ళీ మేయర్ లూయిస్ ఇచ్చిన పదిహేను పార్స్‌నిప్ విత్తనాలు, చేతిలో 500 గోల్డ్. మొదటి వారం హాయిగా గడిచింది. ఆ తర్వాత ఒక సంగతి గమనించాను: నాకు ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడాలని లేదు. ఊళ్ళో ఉండే అబిగెయిల్‌కి ఆమెకిష్టమైన అమెథిస్ట్ రాయి ఇవ్వాలి, వసంతం పదమూడో తేదీ ఎగ్ ఫెస్టివల్‌లో స్ట్రాబెర్రీ విత్తనాలు కొనాలి, అంటూ అంతా లెక్కే. మొదటిసారి ఊరికి ఉత్తరాన డేరాలో ఉండే లైనస్‌ని చూసి, ఎవరీయన, ఎందుకిలా ఒంటరిగా ఉంటాడని రెండు రాత్రులు ఆలోచించాను. ఈసారి ఆయన నాకు ఒక పుట్టినరోజు తేదీ, అంతే. ఈ గేమ్ మనసుకు విశ్రాంతి అని నేను చాలామందికి చెప్పాను. మొదటి పొలానికి ఆ మాట నిజమే. రెండో పొలంలో నాకు విశ్రాంతి దొరకలేదు.

కొండ ఎక్కే ఆట సెలెస్ట్ మూడోది. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, వేళ్ళు అన్నీ గుర్తుపెట్టుకున్నాయి. ఒకప్పుడు నా కంట కన్నీళ్ళు పెట్టించిన ‘ది సమిట్’ చివరి ఎక్కుడు, జెండాల మీద అంకెలు తగ్గుతూ వస్తుంటాయే, ఆ భాగాన్ని ఒక్క సాయంత్రంలో దాటాను.

రెండోది హాలో నైట్, పురుగుల రాజ్యంలో పోరాడుతూ దారి వెతుక్కునే ఆట. దీని దగ్గర కాస్త ఆగాలి. మొదటిసారి ఆడినప్పుడు మాంటిస్ లార్డ్స్ అనే ముగ్గురు శత్రువుల దగ్గర వారం రోజులు ఇరుక్కున్నాను. ముందు ఒకరు, ఆ తర్వాత ఇద్దరు కలిసి వస్తారు, గోడల మీదనుంచి ఆయుధాలు విసురుతారు. ప్రతిసారీ బెంచీ దగ్గర లేచి, మళ్ళీ అదే దారిన పరుగెత్తి, చచ్చినచోట పోగొట్టుకున్న జియో (ఆ ఆటలో డబ్బు) వెనక్కి తెచ్చుకుని, మళ్ళీ చావడం. ఈసారి అక్కడికి చేరేటప్పటికి నా చేతిలో ఉన్నది పదును పెట్టించని మొదటి కత్తే. మూడో ప్రయత్నంలో గెలిచాను. ఎప్పుడు దూకాలో, ఎప్పుడు నిలబడాలో నేను ఆలోచించనేలేదు. వాళ్ళ చెయ్యి లేవగానే నా బొటనవేలు కదిలిపోతోంది. గెలిచాక ఆ ఊళ్ళోంచి వెనక్కి నడుస్తుంటే, అంతకుముందు మీదపడి చంపిన మాంటిస్‌లన్నీ తల వంచి నమస్కరిస్తాయి. మొదటిసారి అది చూసి సంబరపడ్డాను. రెండోసారి మాత్రం కంట్రోలర్ పక్కనపెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఈ ఆట పూర్తయిందంటే నూటపన్నెండు శాతం, అందులో నూటఏడు దాకా తెచ్చిన సేవ్ పోయింది. అన్నేళ్ళలో నేర్చుకున్న ఆట మాత్రం నా చేతుల్లోనే ఉంది.

అయినా మొదటి స్థానం దీనికి ఇవ్వలేదు. మ్యాపులు గీసే కార్నిఫర్ కూనిరాగం, నేలమీద పడివున్న ఆయన కాగితం ముక్కలు చూసి దారి వెతుక్కునే ఆనందం రెండోసారి సగమే మిగిలింది. ఆ మలుపు తర్వాత ఏముందో తెలిసిపోయింది కదా.

అంతరిక్ష ఓడలో గ్రహాలు తిరిగి రహస్యాలు కనుక్కునే ఔటర్ వైల్డ్స్ ఇదివరకు నా వరుసలో నాలుగోది. బాగుంటుంది కానీ ఒకసారికే అనేదాన్ని. ఇరవైరెండు నిమిషాలకొకసారి సూర్యుడు పేలిపోతాడు, మళ్ళీ అదే నిప్పు దగ్గర కళ్ళు తెరుస్తాం, అంతా మొదటికి వస్తుంది. ఓడలో ఉన్న లాగ్ ఒక్కటే మనం ఎక్కడెక్కడికి వెళ్ళి ఏం చదివామో దాచి ఉంచుతుంది. నా లాగ్ నిండిపోయి ఉండేది, గోడ నిండా దారాలతో కలిపిన కాగితాల్లాగా. ఇప్పుడు దాన్ని తెరిస్తే నల్లటి ఖాళీ.

సర్లే, ఇంకెలాగూ మొదటినుంచి ఆడాలి అనుకుంటూ హార్న్‌ఫెల్స్ అనే పాత్ర దగ్గర ఓడ బయల్దేరడానికి కావాల్సిన లాంచ్ కోడ్‌లు తీసుకుని ఎక్కాను. పైకి లేచి రెండు నిమిషాలైందో లేదో తట్టింది: నాకేమీ పోలేదు. ఈ ఆటలో కొనుక్కునే కత్తుల్లేవు, పెరిగే లెవెల్స్ లేవు. మొదటి నిమిషంలో ఇచ్చిన ఓడ, అదే సూటు, అదే ఆక్సిజన్‌తో చివరిదాకా వెళ్ళాలి. మొదటిసారి పాతిక గంటలు పట్టింది ముగింపు చేరడానికి. ఆ పాతిక గంటలూ నేను కూడబెట్టుకున్నదంతా నా బుర్రలోనే ఉంది. ఏ తలుపు ఏ నిమిషానికి తెరుచుకుంటుందో తెలుసు. ఇసుక ఎటునుంచి ఎటు జారుతుందో తెలుసు. డార్క్ బ్రాంబుల్ అనే భయంకరమైన చోట ఎలా మసలుకోవాలో తెలుసు, అయినా అరచేతులు చెమట పట్టాయి. రెండుసార్లు తొందరపడి చచ్చాను. మూడోసారి, లాగ్‌లో దాదాపు ఏమీ లేకుండానే, అదే రాత్రి ముగింపు చూశాను. వాద్యాలన్నీ ఒక్కొక్కటిగా వచ్చి కలుస్తుంటే ఏడ్చాను. డిస్క్ పోయిందన్న బాధ నాకు ఆ రాత్రే తీరింది.

అందుకే ఇది మొదటిది. ఒక్క మాట మాత్రం నిజాయితీగా చెప్పాలి. ఆ రాత్రి నాకు దొరికిన ఆనందం గెలుపుది, కనుక్కోవడంలో ఉండేది కాదు. ఆ రెండోది ఈ గేమ్ ఎవరికైనా ఒక్కసారే ఇస్తుంది, నాది ఎప్పుడో అయిపోయింది. ఇంకో సంగతి, ఇప్పుడు నాకు రాత్రి పని ముగిశాక దొరికేది గంటే. ఇరవైరెండు నిమిషాల ముక్కలు అందులో చక్కగా ఇముడుతాయి, విచర్ ఇమడదు. రోజంతా ఖాళీ ఉన్న వయసులో ఈ వరుస రాసి ఉంటే విచర్‌ని ఐదులో పెట్టేదాన్ని కాదేమో. మీ డిస్క్ ఎప్పుడూ పోకపోతే మీ వరుస వేరేగా ఉండొచ్చు. క్లౌడ్ సేవ్ మాత్రం ఈరోజే ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు నా కంప్యూటర్ మీద ఔటర్ వైల్డ్స్ ఆడుతున్నది మా అక్క కొడుకు. వాడికి పద్నాలుగేళ్ళు. పక్కన కూర్చోవచ్చు కానీ నోరు విప్పకూడదని షరతు పెట్టాడు. నిన్న దూరపు శబ్దాలు పట్టే సిగ్నల్‌స్కోప్‌లో బాంజో చప్పుడు పట్టుకుని బ్రిటిల్ హాలో అనే గ్రహం దాకా వెళ్ళాడు. నేల పెళ్ళలు పెళ్ళలుగా ఊడి లోపలికి పడిపోతోంది, నడిమధ్యన బ్లాక్ హోల్. అంచున నిలబడి కిందకి తొంగి చూసి, తెరమీద నుంచి కళ్ళు తిప్పకుండా అడిగాడు.

“పిన్నీ, ఇందులో పడితే ఏమవుతుంది?”

మంచినీళ్ళు తాగాలని చెప్పి గదిలోంచి బయటికి వచ్చేశాను.