పాత ఫోర్‌వీల్ డ్రైవ్‌లో డిఫరెన్షియల్ తిరిగి కట్టించడం: కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

నా పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో అరిగిపోయిన వెనుక డిఫరెన్షియల్‌ను (ఇంజిన్ తిరుగుడును రెండు చక్రాలకూ పంచే గేర్ల సముదాయాన్ని) పూర్తిగా విప్పించి, కొత్త క్రౌన్ వీల్ (పెద్ద పళ్ల చక్రం), టెయిల్ పినియన్ (దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) జతతో, కొత్త బేరింగులతో, సీళ్లతో తిరిగి కట్టించి కొన్నేళ్లు గడిచాయి. అదే సమయంలో ముందు డిఫరెన్షియల్‌కు పాత పళ్లనే ఉంచి బేరింగులు, సీళ్లు మాత్రం మార్పించాను. ముందు యాక్సిల్ పని చేసేది అవసరమైనప్పుడే కాబట్టి రెండింటినీ సమానంగా తూచడం న్యాయం కాదు గానీ, ఒకే బండిలో రెండు పద్ధతులనూ ఇంతకాలం గమనించిన మీదట నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది. ఈ పనిలో ఖరీదైన భాగాలకంటే వాటిని బిగించేటప్పుడు తీసుకునే కొలతలే ఎక్కువ కాలం నిలుస్తాయి. కొలిచే పనివాడు దొరికితే తిరిగి కట్టించడమే మేలు. దొరకకపోతే కొత్త పళ్లు వేయించి కూడా ప్రయోజనం ఉండదు.

విప్పకముందు శబ్దాన్ని జాగ్రత్తగా వినడం అవసరం. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు కూత వచ్చి, కాలు తీయగానే మాయమైతే లేదా స్వరం మారితే అనుమానం క్రౌన్, పినియన్ పళ్ల మీదికి వెళ్లాలి. లోడుతో సంబంధం లేకుండా వేగాన్ని బట్టి హోరు పెరుగుతుంటే అది బేరింగుదో, చక్రం బేరింగుదో, ఒక్కోసారి కేవలం టైరుదో అవుతుంది. పినియన్ బేరింగు, డిఫరెన్షియల్‌కు తిరుగుడు తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ వేగంతో, అంటే చక్రంకంటే నాలుగింతల వేగంతో తిరుగుతుంది కాబట్టి దాని గరగర చక్రం బేరింగు హోరుకంటే సన్నగా, తొందరగా వినిపిస్తుంది. మలుపుల్లో మాత్రమే టకటక వస్తే స్టార్ పినియన్లను, అంటే మలుపుల్లో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే లోపలి చిన్న గేర్లను, చూడాలి. మా బండిలో ఈ మూడూ కొద్దికొద్దిగా కలిసి ఉండేవి. ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లలోని క్రాసులు బాగానే ఉన్నాయని తేలిన తర్వాతే డిఫరెన్షియల్ విప్పడానికి ఒప్పుకున్నాను.

గేరు మార్చిన ప్రతిసారీ వెనుక నుంచి వచ్చే ‘ధడ్’ మన్న దెబ్బ గురించి కొంచెం విడమరచి చెప్పాలి. ఈ దెబ్బ వినగానే క్రౌన్, పినియన్ మధ్య ప్లే పెరిగిందనీ, క్రౌన్‌ను దగ్గరికి జరిపితే సరిపోతుందనీ చాలామంది చెబుతారు. లెక్క వేసి చూస్తే ఆ మాట నిలవదు. సుమారు 200 మిల్లీమీటర్ల వ్యాసమున్న క్రౌన్ మీద 0.2 మిల్లీమీటర్ల బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఉండే ఆ ప్లే) అంటే ఒక డిగ్రీలో దాదాపు తొమ్మిదో వంతు, 4.11 నిష్పత్తిలో (క్రౌన్ ఒకసారి తిరిగితే పినియన్ 4.11 సార్లు తిరుగుతుంది) అది పినియన్ ఫ్లాంజి, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను బిగించే చోటు, దగ్గర అర డిగ్రీకి మించదు. చేత్తో ఫ్లాంజిని తిప్పితే కంటికి స్పష్టంగా కనిపించేంత ఆట ఉందంటే, అందులో అధిక భాగం స్టార్ పినియన్ల వెనుక ఉండే వాషర్లలోనో, వాటి మధ్య పిన్నులోనో, యాక్సిల్ షాఫ్ట్ స్ప్లైన్లలోనో (కొసన ఉండే గాడుల్లోనో) ఉంటుంది. ఆ మూలాన్ని వదిలేసి క్రౌన్‌ను దగ్గరికి నెడితే దెబ్బ తగ్గదు, పైగా పళ్లు తాకే చోటు మారి అవి వేడెక్కి త్వరగా చెడతాయి.

విప్పినప్పుడు కనిపించింది సరిగ్గా అదే. స్టార్ పినియన్ల మధ్య పిన్ను మీద గోరు ఆనిస్తే ఆగిపోయేంత మెట్టు ఏర్పడింది; వాషర్లు ఒకవైపు కాగితంలా పలచబడ్డాయి. క్రౌన్ పళ్ల డ్రైవ్ వైపున, అంటే బండి ముందుకు లాగేటప్పుడు బరువు మోసే ముఖం మీద, సన్నని గుంటలు వరుసగా కనిపించాయి. పినియన్ లోపలి బేరింగు రోలర్ల మీద బూడిద రంగు మచ్చలు ఉండి, ఒకటి రెండు చోట్ల పైపొర లేచిపోయింది. దీనికంతటికీ కారణం ఆయిల్‌లో చేరిన నీరు. యాక్సిల్ మీద గాలి వచ్చిపోవడానికి ఉండే చిన్న బ్రీదర్ మట్టితో పూడుకుపోయింది. వేడెక్కిన యాక్సిల్ చల్లని వాగు నీటిలోకి దిగగానే లోపలి గాలి సంకోచించి బయటి నుంచి లాగుతుంది. బ్రీదర్ మూసుకుపోతే ఆ లాగుడు సీళ్ల అంచుల గుండా నీటినే లోపలికి తెస్తుంది. తీసిన ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లబారి ఉంది.

ఆ దశలో నా ముందున్న మరో దారి, వాడిన డిఫరెన్షియల్‌ను మొత్తంగా తెచ్చి బిగించడం. టొయోటా ల్యాండ్ క్రూయిజర్ పాత నమూనాల వెనుక యాక్సిల్‌లో ఉన్నట్టు డిఫరెన్షియల్ మొత్తం ఒక ముద్దగా ముందు వైపు నుంచి ఊడివచ్చే రకమైతే ఆ పని సులువు: బల్లమీద సర్ది, తెచ్చి బిగించవచ్చు. డానా 44 అనే యాక్సిల్ వంటి రకంలో వెనుక మూత తీసి, యాక్సిల్ గూటిలోనే అన్నీ సర్దాలి కాబట్టి మార్చడమంటే యాక్సిల్ మొత్తం మార్చడమే. ఏ రకమైనా వాడిన దానిలో రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది, లోపల ఎంత అరిగిందో విప్పితే తప్ప తెలియదు. విప్పాక ఎలాగూ బేరింగులు మార్చాలి. రెండోది నిష్పత్తి. క్రౌన్‌కు 37 పళ్లు, పినియన్‌కు 9 పళ్లు ఉంటే నిష్పత్తి 4.11; అదే 41, 9 పళ్లు ఉంటే 4.56. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ముందు, వెనుక యాక్సిళ్ల నిష్పత్తి కలవని బండిని గట్టి రోడ్డు మీద ఫోర్‌వీల్‌లో నడిపితే ట్రాన్స్‌ఫర్ కేసు (రెండు యాక్సిళ్లకూ శక్తిని పంచే గేరుపెట్టె), షాఫ్ట్‌లు ఒకదానితో ఒకటి పెనుగులాడి ఏదో ఒకటి విరుగుతుంది. అందుకే ఎవరి మాటా నమ్మకుండా పళ్లు లెక్కపెట్టాలి.

క్రౌన్, పినియన్లను తయారీలోనే ఒకదానికొకటి అరగదీసి జత చేస్తారు, ఆ జత గుర్తు రెండింటి మీదా ఉంటుంది. ఒకటి మంచిదే కదా అని రెండోదాన్ని మాత్రమే మార్చడం కుదరదు. ముందు యాక్సిల్‌లో పాత జతను ఉంచినప్పుడు దాని షిమ్ములను (సర్దుబాటుకు వేసే పలుచని లోహపు రేకులను) కొలిచి, అదే మందంతో తిరిగి వేయించాను. బేరింగులను పట్టి ఉంచే క్యాపులు అటూ ఇటూ మారకుండా విప్పేముందే పంచ్‌తో గుర్తులు పెట్టించాను. అప్పుడు పళ్లు తమకు అలవాటైన చోటనే తాకుతాయి.

వెనుక కొత్త జతకు మాత్రం సర్దుబాటు మొదటి నుంచీ చేయవలసి వచ్చింది, పనిలో సమయమంతా అక్కడే పోయింది. పినియన్ తల వెనుక ఉండే షిమ్ము మందాన్ని బట్టి అది క్రౌన్‌లోకి ఎంత లోతుగా దిగుతుందో తేలుతుంది. పళ్లకు రంగు పేస్టు పూసి, క్రౌన్‌ను కాస్త అడ్డుకుంటూ తిప్పితే తాకిన ముద్ర కనిపిస్తుంది. ముద్ర పంటి మొదట్లో, వేరు వైపు పడితే పినియన్ ఎక్కువ లోతుగా ఉన్నట్టు. అంచు వైపు పడితే తక్కువ లోతుగా ఉన్నట్టు. క్రౌన్‌ను పక్కలకు జరిపితే ముద్ర పంటి పొడవునా కదులుతుంది, బ్యాక్‌లాష్ కూడా మారుతుంది. దాన్ని డయల్ గేజితో క్రౌన్ చుట్టూ మూడు నాలుగు చోట్ల కొలవాలి. చాలా బండ్లలో ఈ కొలత 0.13 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. షిమ్ము మార్చిన ప్రతిసారీ పినియన్ బేరింగును ప్రెస్సుతో ఊడదీస్తే అది పాడవుతుంది కాబట్టి, మా పనివాడు పాత బేరింగు లోపలి రంధ్రాన్ని కొద్దిగా అరగదీసి, చేత్తో ఎక్కించి దించగలిగేలా చేసి సర్దుబాటుకు వాడుకున్నాడు. అతని మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

చివరగా వచ్చేది పినియన్ బిగింపు. రెండు బేరింగుల మధ్య ఉండే, నలగడానికే చేసిన క్రష్ స్లీవ్ అనే చిన్న గొట్టం నలిగేదాకా నట్టు బిగించి, పినియన్‌ను తిప్పడానికి ఎంత బలం కావాలో చిన్న టార్క్ రెంచితో చూడాలి. కొత్త బేరింగులకు అది తరచుగా 2, 3 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, అసలు అంకె బండి మాన్యువల్ చెప్పాలి. స్లీవ్ ఒకసారి ఎక్కువ నలిగితే నట్టు వదులు చేయడం పరిష్కారం కాదు, కొత్త స్లీవ్ వేయాల్సిందే. ‘చేత్తో తెలుస్తుంది’ అనే వారి దగ్గర ఈ పని చేయించవద్దని నా సలహా.

ఇంతకాలం వాడిన ఫలితాల సంగతికి వస్తే, మొదట్లో బరువు లాగకుండా, మధ్య మధ్య ఆపి చల్లబరుస్తూ నడిపాను. సుమారు 800 కిలోమీటర్ల దగ్గర మార్చిన ఆయిల్‌లో మెరిసే సన్నని పొడి ఉంది. కొత్త పళ్లు కుదురుకునేటప్పుడు అది సహజం. ఆ తర్వాతి మార్పులన్నిటిలో డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం మీద కాటుకలాంటి నల్లని ముద్ద తప్ప ముక్కలేవీ రాలేదు. వాడుతున్నది జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 ఆయిలే. ఇలాంటి క్రౌన్, పినియన్‌లకు ఉండే హైపాయిడ్ రకం పళ్లు ఒకదానిమీద ఒకటి జారుతూ పనిచేస్తాయి కాబట్టి ఆ రకం తప్పనిసరి. అయితే అదే డబ్బాలోంచి గేరుబాక్సులో పోయరాదు, మాన్యువల్ అడిగిన రకమే పోయాలి. బ్రీదర్‌కు గొట్టం తగిలించి ఇంజిన్ గది పైభాగందాకా తీసుకువెళ్లిన తర్వాత ఆయిల్ మళ్లీ తెల్లబారలేదు. ఈ పని మొత్తంలో అతి చవకైనది, అతి విలువైనది ఆ గొట్టమేనని నా లెక్క.

లోపాలు లేకపోలేదు. పాత ఫ్లాంజినే తిరిగి వేయడంతో, సీలు పెదవి రాసుకునే చోట ఉన్న గాడి వల్ల కొంతకాలానికి ఆయిల్ చెమ్మ కనిపించింది. ఆ చోట పలుచని స్లీవ్ తొడిగించాక ఆగింది. స్టార్ పినియన్లు, పిన్ను, వాషర్లు కొత్తవి కావడంతో గేరు దెబ్బ దాదాపు పోయింది, మిగిలిన కొంచెం యాక్సిల్ స్ప్లైన్లది. ముందు డిఫరెన్షియల్ ఏ శబ్దమూ లేకుండా ఉంది.

వెనుక మాత్రం ఒక ప్రత్యేకమైన వేగంలో కాలు తీసినప్పుడు సన్నని కూత వినిపిస్తుంది. సర్దుబాటు సమయంలోనే డ్రైవ్ వైపు ముద్ర నడిమధ్యన పడింది, కోస్ట్ వైపు, అంటే కాలు తీసినప్పుడు పనిచేసే ముఖం మీద, ముద్ర మాత్రం కొంచెం మడమ వైపుకు, అంటే పంటి బయటి కొసకు, జరిగింది. బరువు మోసేది డ్రైవ్ వైపే కాబట్టి దాన్ని అలాగే ఉంచాలని పనివాడూ నేనూ కలిసి నిర్ణయించుకున్నాం. ఇన్నేళ్లలో ఆ కూత పెరగలేదు, వేరే వేగానికి మారలేదు. ఆ రెండింటిలో ఏది జరిగినా విప్పిస్తాను; అంతవరకు దాని జోలికి పోను.