కొత్త బండి కొన్నవారికి హెచ్చరిక: పాలసీలో నంబరు గడి చూసుకోండి

శ్రీకాకుళం జిల్లాలో ఉంటూ ఏడాది కిందట కొత్త కారు కొన్న నాకు, బీమా ఉండగానే బీమా లేదన్న నేరం మీద 2,000 రూపాయల చలానా వచ్చింది. తమకు తెలియకుండానే ఇదే స్థితిలో మరికొందరు ఉండవచ్చునన్న ఆందోళనతో ఈ వివరాలు రాస్తున్నాను.

బంధువుల ఇంట పెళ్లికి ఇచ్ఛాపురం మీదుగా ఒడిశాలోని బరంపురం వెళ్లి వచ్చిన రెండు రోజులకు ఫోనుకు సందేశం వచ్చింది. దారిలో మమ్మల్ని ఎవరూ ఆపలేదు, కాగితాలు అడగలేదు. ఒడిశాలో టోల్ గేట్ల దగ్గర బండి నంబరును ‘వాహన్’ (బండ్ల రిజిస్ట్రేషన్, బీమా వివరాలుండే ప్రభుత్వ కంప్యూటర్ రికార్డు) వివరాలతో సరిపోల్చి, బీమా కనబడకపోతే చలానా దానంతటదే జారీ అయ్యే ఏర్పాటు 2025 ఫిబ్రవరి నుంచి ఉంది. పాలసీ కాగితం తీసి చూపించే అవకాశమే అక్కడ ఉండదు. చలానాల పేరుతో ఫైళ్లు పంపి ఖాతాలు ఖాళీ చేసే మోసగాళ్లు ఉన్నందున సందేశంలోని లింకు ముట్టుకోకుండా, పరివాహన్ అధికారిక సైటులోనే వెతికి చూశాను. చలానా నిజమైనదే.

2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవలసి ఉన్నందున, ఏడాది నాటి కారుకు బీమా లేకపోవడం ఎలా సాధ్యమో నాకు అర్థం కాలేదు. పాలసీ తీసి చూస్తే రిజిస్ట్రేషన్ నంబరు గడిలో ‘న్యూ’ అని ఉంది. డెలివరీ నాటికి శాశ్వత నంబరు రాదు కనుక ఛాసిస్, ఇంజిన్ నంబర్లతోనే పాలసీ ఇస్తారు, అందులో తప్పు లేదు. కానీ నంబరు వచ్చాక దానిని బీమా కంపెనీకి తెలిపి పాలసీలో ఎండార్స్‌మెంట్ (నంబరు చేర్చినట్టు కంపెనీ ఇచ్చే సవరణ పత్రం) చేయించాలి, లేకపోతే ఆ నంబరుతో వెతికినప్పుడు బీమా కనబడకపోవచ్చు. షోరూమ్ వారు ‘అదంతా మేమే చూసుకుంటామండీ’ అని చెప్పి, ఆ ఒక్క పని చేయలేదు. కంపెనీ వారిని అడిగితే షోరూమ్‌ను అడగమన్నారు, షోరూమ్ వారు కంపెనీని అడగమన్నారు. ప్రీమియం తీసుకున్న రోజున ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నవారే కావడం నాకు చాలా బాధ కలిగించింది.

పోనీలే, కట్టేయమని ఇంట్లోవారు అన్నారు. దయచేసి అలా కట్టకండి. కడితే నేరం ఒప్పుకున్నట్టే అవుతుంది. మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు లేదా రెండూ ఉండగా, మళ్లీ దొరికితే జరిమానా 4,000 అవుతుంది. పైగా పాలసీలో నంబరు సరిచేయించనంత కాలం మళ్లీ చలానా రాదన్న భరోసా లేదు.

ఆర్సీ కాపీ జతచేసి కంపెనీకి ఈ-మెయిల్ పెట్టాను. వారం దాటినా జవాబు లేకపోవడంతో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వారి ఫిర్యాదుల సైటు ‘బీమా భరోసా’లో ఫిర్యాదు చేశాను (155255 నంబరుకు ఫోను చేసినా తీసుకుంటారు). ఆ తరువాతే ఎండార్స్‌మెంట్ చేతికి వచ్చింది. దానినే జతచేసి చలానా సైటులో అభ్యంతరం పెడితే తిరస్కరించారు, ఎందుకంటే దాని మీది తేదీ చలానా తేదీ కన్నా తరువాతిది. రెండోసారి అసలు పాలసీని కూడా పెట్టి, అది ఏ రోజు నుంచి అమలులో ఉందో, పాలసీలోనూ ఆర్సీలోనూ ఛాసిస్ నంబరు ఒకటేనని ఎలా తెలుస్తుందో గుర్తుపెట్టి చూపాను. అప్పుడు చలానా రద్దయింది.

ఎం-పరివాహన్ యాప్‌లో మీ బండి నంబరు కొట్టి, బీమా గడువు తేదీ కనబడుతున్నదో లేదో ఈ రోజే చూసుకోండి. ఇది రాసే ముందు మా బావమరిది స్కూటర్ పాలసీ తెప్పించి చూశాను. షోరూమ్ వేరు, బీమా కంపెనీ వేరు, కొని పద్నాలుగు నెలలయింది. ఆ గడిలో ఇంకా ‘న్యూ’ అనే ఉంది.