నెలసరి ఆగాక కింద పొడి, మంట: కొబ్బరినూనె, జెల్, హార్మోన్ క్రీమ్, లేజర్... ఏది మేలు?

మూడేళ్ల కిందట ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణకి బయల్దేరాను. కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, ఆరిలోవ దాటి హనుమంతవాక వచ్చేసరికి ఇక అడుగు పడలేదు. కాళ్ల నొప్పులు కావు, కింద మంట. లోదుస్తు అంచు తగిలిన చోటల్లా కారం రాసినట్టుంది. 32 కిలోమీటర్లలో సగం కూడా నడవకుండానే ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను, మోకాళ్లు పట్టేశాయని ఇంట్లో అబద్ధం చెప్పాను. అప్పటికి నాకు 51, నెలసరి ఆగి మూడేళ్లు.

ఆ తర్వాత ఒక్కోటి వాడి చూశాను, చదివాను, ఇద్దరు డాక్టర్లని కలిశాను. మా వదినది ఇంకో రకం కథ, నా స్నేహితురాలిది మరో రకం. ముగ్గురికీ మూడు వేరు వేరు దారులు సరిపోయాయి, అందుకే ఇది రాస్తున్నాను. 'ఏది మంచిది' అని అడిగే ముందు 'నా బాధ ఏంటి' అని చూసుకోవాలి. పొడిగా ఉండటం, కలయికలో నొప్పి మాత్రమేనా, లేక మూత్రం మంట, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ కూడా ఉన్నాయా? సమాధానం దీని మీదే ఆధారపడుతుంది.

ముందు అసలు ఏం జరుగుతోందో చెప్తాను. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ యోని లోపలి పొరని మందంగా, తడిగా, సాగేలా ఉంచుతుంది. అది తగ్గితే పొర పలచబడుతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది, ముట్టుకుంటే చిట్లుతుంది. అక్కడ మనకి మేలు చేసే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా ఉంటాయి, వాటికి ఆహారం ఆ పొరలోని గ్లైకోజెన్. పొర పలచబడితే వాటికి తిండి ఉండదు, అవి తగ్గితే ఆమ్లగుణం పోతుంది, 4.5 లోపు ఉండాల్సిన పీహెచ్ 5 దాటుతుంది, అప్పుడు వేరే క్రిములు చేరతాయి. మూత్రనాళం, మూత్రాశయం కింది భాగం కూడా ఈస్ట్రోజెన్ మీద ఆధారపడినవే కాబట్టి అర్జెంటుగా మూత్రం రావడం, మంట, ఇన్ఫెక్షన్లు అన్నీ ఒకే తాడుకి కట్టినట్టు వస్తాయి. అందుకే 2014లో వైద్యసంఘాలు 'యోని క్షీణత' అనే పాత పేరు చాలదని జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్ (నెలసరి ఆగాక యోనికీ మూత్రమార్గానికీ కలిపి వచ్చే బాధలు) అని కొత్త పేరు పెట్టాయి. మెనోపాజ్ దాటినవాళ్లలో సగం మంది దాకా ఏదో ఒక స్థాయిలో ఈ బాధ పడతారని అంచనా. ఒంట్లో వేడి ఆవిర్లు కొన్నేళ్లకి చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. ఇది అలా కాదు, వదిలేస్తే పెరుగుతుంది. "వయసుతో అదే సర్దుకుంటుందిలేవే" అన్న మా పిన్ని మాట నమ్మి నేను రెండేళ్లు పోగొట్టుకున్నాను.

ఏది వాడాలో తర్వాత, ముందు ఏది మానాలో చూడండి. మన విశాఖ ఉక్కపోతకి రెండు పూటలా స్నానం తప్పదు, మంట ఉందని ఇంకాస్త ఎక్కువ సబ్బు పెట్టి కడుగుతాం, కొందరు డెట్టాల్ నీళ్లు కూడా వాడతారు. నేనూ చేశాను. పలచబడ్డ చర్మానికి అంతకంటే హాని లేదు. పైన మామూలు నీళ్లు చాలు, లోపల అసలేం కడగక్కర్లేదు. సువాసన ఉన్న ప్యాడ్లు, వాష్‌లు పక్కన పెట్టండి, వదులుగా నూలు బట్టలు వేసుకోండి. దీనికే నాకు మంట పావు వంతు తగ్గింది.

ఇక కొబ్బరినూనె. ఇంట్లోనే ఉంటుంది, ఎవర్నీ అడగక్కర్లేదు, సిగ్గుపడక్కర్లేదు, అందుకే అందరం ముందు దాని దగ్గరికే వెళ్తాం. బయటి చర్మానికి రాపిడి తగ్గిస్తుంది, నడిచే ముందు రాసుకుంటే హాయిగానే ఉంటుంది. కానీ అది జారుడుకే పనికొస్తుంది, లోపల పలచబడ్డ పొరని తిరిగి మందం చెయ్యలేదు. కండోమ్ వాడేవాళ్లు జాగ్రత్త, నూనె తగిలితే రబ్బరు కండోమ్ చిరుగుతుంది. 'ఈ వయసులో కండోమ్ ఎందుకు' అనుకోవద్దు, 50 దాటాక నెలసరి ఆగితే ఏడాది, 50 లోపే ఆగితే రెండేళ్ల దాకా గర్భనిరోధం మానవద్దనే డాక్టర్లు చెప్తారు. ఇంకో మాట, తలకి రాసుకునే సువాసన నూనెలు, కర్పూరం కలిపిన చల్లని నూనెలు అక్కడ అస్సలు వద్దు.

జెల్ విషయంలో ఒక పెద్ద గందరగోళం ఉంది. జగదాంబ దగ్గర మెడికల్ షాపులో నేను "పొడిగా ఉంటోంది, జెల్ కావాలి" అని గొంతు తగ్గించి అడిగితే ఆ అబ్బాయి నా మొహం చూడకుండానే ఒక ట్యూబ్ కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే లూబ్రికెంట్, నాకు కావాల్సింది మాయిశ్చరైజర్. రెండూ ఒకటి కావు. లూబ్రికెంట్ కలయిక సమయంలో మాత్రమే, ఆ కాసేపటికి రాపిడి తగ్గించడానికి. మాయిశ్చరైజర్ అయితే కలయికతో సంబంధం లేకుండా రెండు మూడు రోజులకోసారి రాత్రి లోపల పెట్టుకునేది, ఆ పొరకి అంటుకుని తడిని పట్టి ఉంచుతుంది. హైయలూరోనిక్ యాసిడ్ ఉన్నవి దొరుకుతాయి. మొహానికి క్రీమ్ రోజూ రాసుకుంటాం కదా, మాయిశ్చరైజర్ అలాంటిది, ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు వాడితే పని చెయ్యదు.

లూబ్రికెంట్‌లో నీళ్లతో చేసినవి త్వరగా ఆరిపోతాయి, సిలికాన్‌తో చేసినవి ఎక్కువసేపు ఉంటాయి. గ్లిజరిన్ ఎక్కువగా ఉన్నవి, 'వెచ్చదనం ఇస్తుంది' అని రాసినవి పలచని చర్మాన్ని మండిస్తాయి. కరిగిన పదార్థాల గాఢత మరీ ఎక్కువైన జెల్ కణాల్లోంచి నీటిని లాగేస్తుంది కాబట్టి ఆ గాఢత కొలత, అంటే ఆస్మోలాలిటీ, 1200 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన దగ్గర చాలా ట్యూబుల మీద ఆ అంకె ఉండదు, అందుకే ముందు ముంజేతి లోపలి వైపు రాసి, తర్వాత కింద బయట కొంచెం రాసి, మంట లేకపోతేనే లోపలికి వెళ్లండి.

జెల్‌ని తక్కువ చెయ్యవద్దు. 2018లో అమెరికాలో 302 మంది మీద చేసిన ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి, కొందరికి ఈస్ట్రోజెన్ యోని మాత్ర, కొందరికి మాయిశ్చరైజర్, కొందరికి మందు లేని జెల్ ఇచ్చి 12 వారాలు చూశారు. మూడు గుంపుల్లోనూ బాధ తగ్గింది, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కాబట్టి పొడి, రాపిడి, కలయికలో నొప్పి ఇంతవరకే మీ బాధ అయితే, ముందు ఓ మూడు నెలలు మాయిశ్చరైజర్ క్రమంగా వాడి, అవసరమైనప్పుడు లూబ్రికెంట్ జోడించి చూడటమే తెలివైన పని. హార్మోన్ దాకా వెళ్లక్కర్లేకపోవచ్చు.

నాకు అది చాలలేదు, ఎందుకంటే నా అసలు బాధ మూత్రం. ఏడాదిలో నాలుగుసార్లు ఇన్ఫెక్షన్, నాలుగుసార్లు యాంటీబయాటిక్ కోర్సు. ఒక క్లినిక్‌లో ప్రతిసారీ అదే చీటీ రాసిచ్చారు, నెలసరి ఎప్పుడు ఆగిందని ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే కోపం వస్తుంది. ఐదోసారి వేరే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్తే ఆవిడ చూసి, "అమ్మా, ఇది క్రిమి సమస్య కంటే ముందు పొర సమస్య" అని ఎస్ట్రియాల్ క్రీమ్ రాశారు. ఈస్ట్రోజెన్‌లలో అది బలహీనమైన రకం. మొదటి రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు, ఇదీ నాకు చెప్పిన పద్ధతి. మీ డోసు మీ డాక్టరే చెప్పాలి.

మొదటి రాత్రి క్రీమ్ లోపల పెట్టుకునే గొట్టం చేతిలో పట్టుకుని చాలాసేపు మంచం మీద కూర్చున్నాను. ట్యూబ్ మూతికి గొట్టం బిగించి, గీత దాకా క్రీమ్ ఎక్కించి, పడుకుని మోకాళ్లు మడిచి నెమ్మదిగా నొక్కాలి, తీశాక గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. గొట్టం నొప్పిగా ఉంటే, డాక్టర్‌ని అడిగి చూపుడువేలి మీద కొంచెం తీసుకుని కూడా రాసుకోవచ్చు, మూత్రద్వారం చుట్టూ కూడా. మొదటి వారం కొద్దిగా చురుక్కుమంది, నేను భయపడి మానేద్దామనుకున్నాను. మూడో వారానికి తేడా తెలిసింది, మూడో నెలకి కూర్చున్నప్పుడు అక్కడ ఏదో ఉందన్న ధ్యాసే లేదు. ఆ ఏడాదిలో ఇంకొక్కసారే ఇన్ఫెక్షన్ వచ్చింది.

ఇది నా ఒక్కదాని అదృష్టం కాదు. 1993లో ప్రచురించిన ఒక పరీక్షలో, మాటిమాటికీ మూత్ర ఇన్ఫెక్షన్ వచ్చే మెనోపాజ్ దాటిన 93 మందిలో ఎస్ట్రియాల్ క్రీమ్ వాడినవాళ్లకి ఏడాదికి సగటున 0.5 సార్లు, మందు లేని ఉత్తి క్రీమ్ వాడినవాళ్లకి 5.9 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. జెల్‌కీ క్రీమ్‌కీ ఉన్న అసలు తేడా ఇక్కడ ఉంది. జెల్ తడి ఇస్తుంది, క్రీమ్ పొరని తిరిగి పెంచి లాక్టోబాసిల్లస్‌ని వెనక్కి తెస్తుంది. మూత్రం బాధ ఉంటే నా ఓటు నిస్సందేహంగా క్రీమ్‌కే.

'హార్మోన్ కదా, క్యాన్సర్ వస్తుందేమో' అన్న టెన్షన్ అందరికీ ఉంటుంది, ట్యూబ్‌తో వచ్చే కాగితం చదివితే ఇంకా పెరుగుతుంది. ఆ భయం ఎక్కువగా 2002లో అమెరికాలో వచ్చిన పెద్ద పరిశోధన నుంచి పుట్టింది. అందులో వాడినవి నోటితో మింగే హార్మోన్ మాత్రలు. లోపల రాసే తక్కువ డోసు క్రీమ్ నుంచి రక్తంలోకి వెళ్లేది చాలా కొంచెం. అదే పరిశోధనలోని స్త్రీలలో యోని ఈస్ట్రోజెన్ వాడినవాళ్లని ఏళ్ల తరబడి గమనించి 2018లో ప్రచురించారు, వాళ్లలో రొమ్ము క్యాన్సర్ గానీ గుండెజబ్బు గానీ వాడనివాళ్ల కంటే ఎక్కువ కనపడలేదు. అలాగని సొంతంగా కొనుక్కుని వాడమనట్లేదు. నెలసరి ఆగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క రక్తం కనపడినా ముందు దాని సంగతి తేల్చుకోవాలి, అది క్రీమ్ మొదలుపెట్టక ముందైనా, వాడుతున్నప్పుడైనా.

నా స్నేహితురాలికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, లెట్రోజోల్ మాత్ర వేసుకుంటోంది. ఆ మాత్ర పనే ఒంట్లో ఈస్ట్రోజెన్ తగ్గించడం, అందుకని కింద పొడి మామూలు కంటే ఎక్కువ. తనకి మొదటి దారి మాయిశ్చరైజరే. అది చాలకపోతే క్రీమ్ మాట తన క్యాన్సర్ డాక్టర్‌తో తేల్చుకోవాలి, గైనకాలజిస్టు ఒక్కరి మాట మీద కాదు. తను వారానికి మూడు రాత్రులు జెల్ వాడుతోంది, ఎక్కువ శాతం నెట్టుకొస్తోంది.

మా వదినకి 41 ఏళ్లకే గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు. వయసు ప్రకారం వచ్చే మెనోపాజ్ మెట్లు దిగినట్టు వస్తుంది, ఆవిడకి మేడ మీంచి పడినట్టు వచ్చింది. గర్భసంచి తీసే ఆపరేషన్లలో దేశంలో మన తెలుగు రాష్ట్రాలే ముందున్నాయి కాబట్టి ఇది ఇంటింటి కథ. అంత చిన్న వయసులో అండాశయాలు పోతే ఎముకలకి, గుండెకి కూడా ఈస్ట్రోజెన్ కావాలి, అందుకే డాక్టర్ ఆవిడకి మాత్రల రూపంలోనే హార్మోన్ ఇచ్చారు. అయినా కింద పొడి పూర్తిగా తగ్గక క్రీమ్ కూడా కలపాల్సి వచ్చింది. ఒక్క కింది బాధ కోసమే అయితే మాత్రలు మింగక్కర్లేదు, ఆవిర్లు, నిద్రలేమి లాంటివి కూడా ఉంటేనే వాటి లెక్క.

లేజర్ మీద నా మాట సూటిగా చెప్తాను, వద్దు. మూడు సిట్టింగులు, ఒక్కోటి వేలల్లో, 'మందులక్కర్లేదు, మళ్లీ పడుచుదనం' అని ప్రకటనలు. 2018లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ పరికరాల ప్రకటనల మీద హెచ్చరిక ఇచ్చింది, కాలిన గాయాలు, మచ్చలు, నొప్పి మిగిలిన కేసులు వచ్చాయని. 2021లో సిడ్నీలో 85 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. కొందరికి నిజం లేజర్, కొందరికి ఉత్తుత్తి లేజర్ చేసి ఏడాది తర్వాత చూస్తే తేడా లేదు. క్రీమ్ ట్యూబ్ వందల్లో వచ్చేస్తుంది. ఆ డబ్బు అక్కడ పొయ్యకండి.

ఇంకొకటి, మంట ఉన్న ప్రతిదీ ఇదే అనుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకి, ముఖ్యంగా డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకి ఫంగస్ వల్ల దురద, మంట రావచ్చు, దానికి మందు వేరు. చర్మం తెల్లగా, కాగితంలా మారి విపరీతంగా దురద పెడితే అది లైకెన్ స్క్లెరోసస్ కావచ్చు, దానికి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ కావాలి, ఈస్ట్రోజెన్‌తో తగ్గదు. అందుకే ఒక్కసారైనా డాక్టర్ కళ్లతో చూడాలి. ప్రైవేటుకి వెళ్లే స్తోమత లేకపోతే విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి, అదే కేజీహెచ్‌లో, వన్‌టౌన్ ఘోషాసుపత్రిలో గైనిక్ ఓపీలు ఉన్నాయి. నోరు తిరగకపోతే చీటీ మీద రాసుకెళ్లండి: నెలసరి ఏ ఏడాది ఆగింది, మంట ఎప్పుడెప్పుడు, మూత్రం ఇన్ఫెక్షన్ ఎన్నిసార్లు, కలయికలో నొప్పి ఉందా, ఏ మాత్రలు వాడుతున్నారు. నేను రెండో డాక్టర్ దగ్గరికి అలాగే వెళ్లాను, ఆవిడ చీటీ చదివి తలెత్తి "ఎన్నాళ్లనుంచి భరిస్తున్నారమ్మా" అన్నారు, నాకు అక్కడే ఏడుపొచ్చింది.

క్రీమ్ ఎన్నాళ్లు అంటే, బాధ లేకుండా ఉండాలనుకున్నన్నాళ్లు. నేను మధ్యలో బాగైపోయిందని నాలుగు నెలలు మానేశాను, మంట మెల్లగా తిరిగొచ్చింది. ఇప్పుడు మంగళవారం, శుక్రవారం రాత్రి, ఏడాదికోసారి డాక్టర్ దగ్గరికి. మొన్న ఆషాఢంలో హనుమంతవాక దాటి, జోడుగుళ్లపాలెం దగ్గర సముద్రం గాలి తగిలాక ఒక్క నిమిషం ఆగి మంచినీళ్లు తాగి, మాధవధార మీదుగా మళ్లీ తొలిపావంచా దాకా నడిచాను. ఈసారి నిజంగానే మోకాళ్లు పట్టేశాయి.